కూసున్నడా, పడ్డడా

నా మనుమరాలు కరీంనగర్ల డిగ్రీ సదువుతది. సెలవులకు జమ్మికుంటకు నా తానికి వస్తది. వచ్చినప్పుడు బుక్కు ముంగటేసుకొని పైకి సదువుతుంటె నేను కూరగాయ తుంచుకుంట ఇంట. నాకు సదువు రాదు. చర్చిల పాటల బుక్కు పట్టుకుంట గని, పాట ముందు నోటికి వస్తెనే దాని ఎనుక అచ్చరం కండ్లకు కానొస్తది. సంతకం చేస్త. గంతే నా సదువు. అందుకే గిదంత నేను చెప్తున్న, పోరి రాస్తున్నది. నడుమ నేను ఏడిస్తె జర ఆపు బిడ్డా అన్న. "ఆప అమ్మమ్మా, ఏడ్చినవని గూడ రాస్త" అన్నది. రాస్తె రాయి. ఎవలు సదువుతరు గిదంత.

మొన్న ఒకనాడు పొద్దుగాల పోరి ఒక ప్రశ్న సదివింది. చరిత్రను గొప్ప మనుషులు నడిపిస్తరా, లేకుంటె సమాజమే నడిపిస్తదా, చర్చించుము అని. నా చేతుల చిక్కుడుకాయ చేతులనే ఉన్నది.

"మల్లోపాలి సదువు" అన్న.

సదివింది. "నీకెందుకు అమ్మమ్మా, గిది పది మార్కుల ప్రశ్న" అని నవ్వింది.

పది మార్కులది. నేను నలభై ఏండ్లకెళ్ళి కడుపుల పెట్టుకొని తిరుగుతున్న ప్రశ్న గది. బుక్కుల ఉంటదని నాకు తెల్వదు.

మా ఇంటాయన ఈడ పత్తి మార్కెట్ యార్డుల హమాలీ. ఇప్పటికి యార్డుల హమాలీల షెడ్డుకాడికి పోతె గోడకు ఆయన ఫొటో ఉంటది, దండేసి. ఏడాదికొకపాలి ఆయన పోయిన దినం నాడు అందరు జమైతరు. ఒకలు లేసి మాట్లాడుతరు. ఏండ్లు గడిచినా మాటలు అవే. "గానాడు అన్న బోరెం కింద పెట్టిండు. దాని మీద కూసున్నడు. ఆయన కూసున్నడు కాబట్టే గీనాడు మనం నిలబడ్డం" అంటరు. సప్పట్లు కొడ్తరు. నేను కొంగు నోట్ల పెట్టుకొని తల దించుకొని ఉంట. మొగడు యాదికొచ్చి ఏడుస్తున్నదనుకుంటరు. గదొక్కటే కాదు.

బోరెం అంటె పెద్ద గోనె సంచి. రైతులు అండ్ల పత్తి పోసి కాళ్ళతోని తొక్కి తొక్కి నింపుతుండిరి. గప్పుడు గట్ల నిండిన బోరెం ఒక్కొక్కటి మనిషికంటె బరువు. గా యేడు దసరా దాటినా వాన ఇడిసిపెట్టలే. చేన్లనే పత్తి తడిసింది. తడి పత్తి నింపిన బోరెం ఎంతుంటదో మోసినోనికే తెల్వాలె. కాంటాకాడ తూకం అయినంక దాన్ని మెడమీదికి ఎత్తుకొని, లారీకి ఏసిన చెక్క మీదికెళ్ళి ఎక్కి, లోపల ఎయ్యాలె. ఒకలెనుక ఒకలు లైను నడుస్తది. గా లైనుకు ఒక్కటే కట్టుబాటు. ఆగొద్దు. ముంగటోడు ఆగితె ఎనుకున్నోళ్ళందరు మెడ మీద బరువుతోని నిలబడాలె గద. అందుకే ఆగినోన్ని గుమస్తా తిట్టేదానికంటె ముందు సొంతోళ్ళే తిడుతరు. ఎవలన్న పడితె గూడ పక్కకెళ్ళి పోవాలె. బరువు దించినంకనే వచ్చి లేపాలె. గది తప్పు అని గప్పుడు ఎవ్వలకు తోయలే. నాకూ తోయలే.

మెడ మీద, భుజం మీద ఒరుసుకపోకుంట గోనె మెత్త ఏసుకుంటరు. గది కుట్టుడు పెండ్లాల పని. నేను హుజూరాబాద్ దిక్కు నుంచి కోడలై వచ్చినప్పుడు మా అత్త నాకు వంటకంటె ముందు గదే నేర్పింది. పాతగోనె తీసుకోవాలె. పాత బట్టపేలికలు నింపాలె. సుతిలితోని దగ్గరదగ్గర కుట్టి రోకలితోని కొట్టాలె. కొట్టి కొట్టి చెక్క లెక్క చెయ్యాలె. "గట్టిగుంటెనే బరువు కూసుంటది పిల్లా. మెత్తగుంటె బరువు దొర్లుతది" అని చెప్పింది. మా అత్త చెప్పింది నాకు బరాబర్ యాదికున్నది. తెల్వక చేసిన అంటె అబద్ధమైతది.

గా వానల ఆయన భుజం పచ్చిపుండైంది. మాపటికి ఇంటికొస్తె అంగీ పుండుకు అతుక్కొని ఉండేది. నేను గోరెచ్చని నీళ్ళతోని తడిపి మెల్లగ గుంజుతుంటె తువ్వాల నోట్లె కుక్కుకొని పండ్లు కొరుక్కునేటోడు. ఒక్కనాడు అబ్బా అనలే. మా బిడ్డ, గిప్పుడు రాసే పోరి వాళ్ళమ్మ, గప్పుడు చిన్నది. తండ్రి మొకం చూసి ఏడ్చేది. దానికోసం నవ్వేటోడు.

మా చర్చిల గప్పుడే కోత పండుగ. భూములున్నోళ్ళు వడ్లు తెస్తరు, మక్కకంకులు తెస్తరు, గుమ్మడికాయలు తెస్తరు. ముంగట బల్ల మీద పెట్టి పార్థన చేసి పాట పాడుతరు. మాకు భూమేది. యార్డుల ఆడోళ్ళం ఊడుస్తుంటిమి. కింద రాలిన పత్తి మట్టిల కలిసిపోతది. గది ఎవ్వలు అడగరు. గది ఏరి, దులిపి, గింజ తీసి, ఎండల పెట్టి, ప్రతి యేడు ఒక చిన్న మెత్త కుట్టి బల్ల మీద పెట్టేదాన్ని. మా పంట గదే. గా యేడు గూడ పత్తి ఏరి పెట్టుకున్న. తెల్లగ, పొంగుగ, మస్తు మంచిగుండె.

పండుగ ఇంక రెండు మూడు దినాలున్నదనంగ ఒకనాడు ఆయన భుజం కడుగుతున్న. పుండుల నుంచి సీము కారుతున్నది. నాకు మనసు పట్టలే. దేవునికి పెట్టేది మొగనికి పెడితె దేవుడేమన్న కోపం జేస్తడా అనుకున్న. ఆయన మెత్త ఇప్పి, పేలికలు తీసేసి, గా తెల్ల పత్తి నింపిన. రోకలితోని కొట్టలే. కొట్టబుద్ధి కాలే.

తెల్లారి ఆయన మెత్త చేతులకు తీసుకున్నడు. వేళ్ళతోని ఒత్తి చూసిండు.

"ఏందే గిది. పిల్లగాండ్ల తలకింది మెత్త లెక్క చేసినవ్."

"కొత్తది గద, గట్లనే ఉంటది. ఏసుకో."

నా మొకం చూసిండు. జర నవ్విండు. "నువ్వు చేసినంక ఏసుకోకపోతె బతకనిస్తవా" అని భుజం మీద ఏసుకొని పోయిండు. తలుపుకాడ మల్లొక్కసారి తిరిగి చూసిండు. గా చూపు నాకు ఇంక కానొస్తది.

గానాడు నేను ఊడ్వబోలే. పండుగకు చర్చిల సున్నం ఏస్తున్నం ఆడోళ్ళం. పొద్దు నెత్తిమీదికి వచ్చినప్పుడు ఒకామె ఉరికొచ్చింది. "ఓ పిల్లా, నీ మొగడు కూసున్నడట! బోరెం మీద కూసున్నడట! గుమస్తా తిట్టినా లేస్తలేడట!" అన్నది. చేతులకు సున్నం ఉండంగనే ఉరికిన.

పోయి చూస్తె కాంటాకాడి నుంచి లారీదాక లైను లైనంత కూసున్నది. ఎవల బోరెం మీద వాళ్ళు. దండల పూసలు లెక్క. లారీకి అందరికంటె దగ్గర ఈయన. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని ఉన్నడు. మొకం నా చేతుల సున్నం లెక్క తెల్లగున్నది. గుమస్తా ఎగురుతున్నడు. "ఏంరా, దొరలైన్రా అందరు? కుర్సీలు తెప్పియ్యాల్నా?" అంటున్నడు. ఎనుకకెళ్ళి ఎవడో "చాయ్ గూడ తెప్పియ్యి సేటూ" అన్నడు. నవ్విండ్రు. యార్డుల గుమస్తా ముంగట నవ్వుడు నేను గప్పటిదాక ఇనలే. ఆయన నన్ను చూసిండు, చూసి మొకం పక్కకు తిప్పుకున్నడు. కోపంల ఉన్నడనుకున్న.

మాపు ఇంట్ల అడిగిన. "నిజంగ కూసున్నవా?"

"ఆఁ. మోసి మోసి యాష్టకొచ్చింది. దించి కూసున్న."

గర్వం పట్టలేదంటె నమ్మకుండ్రి. నా మొగడు నోట్లె నాలుక లేనోడు. బస్సుల సీటు ఖాళీగుంటె గూడ పక్కోన్ని అడిగి కూసునేటోడు. గసొంటోడు గుమస్తా ముంగట కూసున్నడంటె నాకు కండ్లళ్ళ నీళ్ళొచ్చినయ్. కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టిన. పక్కకు తిరిగి పండుకున్నడు. తినమంటె "రేపు తింట" అన్నడు.

యార్డు కొన్ని దినాలు బందైంది. రైతులు ముందు మస్తు తిట్టిండ్రు, వాళ్ళ పత్తి బండ్లమీదనే తడుస్తుండె. వాళ్ళ పరేషాన్ వాళ్ళది. తర్వాత ఒక రైతు, ముసలాయన, "మేం తొక్కి నింపుడు బందు చేస్తం తియ్యిండ్రి, మా ఇంట్ల గూడ నడుములున్నయ్" అన్నడు. సాంచెలు నడిపే నేతకార్లు వచ్చిండ్రు. మా చర్చోళ్ళు అన్నం వండుకొచ్చిండ్రు. ఆఫీసర్లు వచ్చిండ్రు, కూసున్నరు, లేసిండ్రు. కడాకు బోరెం సగం చేసిండ్రు. గప్పటికెళ్ళి సగం బోరెమే. ఈయన్ను జట్టుకు పెద్దను చేసిండ్రు. ఊరేగించిండ్రు. భుజాల మీద ఎత్తుకుంటమంటె వద్దన్నడు. నడుం పట్టుకొని నడిసిండు. ఎంత అణకువ చూడుండ్రి అన్నరు.

పని షురువైన దినం నేను దండెం మీది మెత్త తీసిన, ఎండకు ఏద్దామని. చేతికి గట్టిగ తాకింది. తిప్పి చూసిన. ఒక దిక్కు కుట్టు నాది కాదు. వంకరటింకర, పెద్ద పెద్ద కుట్లు. సూది పట్టరాని చేతులు కుట్టిన కుట్లు. ఒత్తి చూస్తె లోపల పేలికలు. ఇల్లంత ఎతికిన. నా తెల్ల పత్తి బియ్యం కుండ ఎనుక మూటగట్టి ఉన్నది. సగం మట్టి. పడ్డ దిక్కు మట్టి.

గప్పుడు సమజైంది. కూసోలే. పడ్డడు. మెత్త మీదికెళ్ళి బోరెం దొర్లి, దానితోని ఆయన దొర్లి పడ్డడు. మా అత్త చెప్పింది చెప్పినట్టే అయింది. నాకు తెల్వద్దని తనే కుట్టుకున్నడు. నేను మెత్త మల్ల దండెం మీద ఏసిన. పత్తి మూట ఏడున్నదో ఆడనే పెట్టిన. ఆయన అడగలే, నేను చెప్పలే. గట్లనే బతికినం.

ఆయన మల్ల ఒక్క బోరెం మోయలే. సగం బోరెం గూడ. జట్టు పెద్ద గద, మోసే పని లేదనుకున్నరు అందరు. గది కాదు. నడుం పోయింది. ముందు వంగలేకపోయిండు, తర్వాత కూసోలేకపోయిండు. కడాకు మంచంల. కరీంనగర్ దవఖానకు తీస్కపోతె పాత దెబ్బ అన్నరు, ఎప్పుడు తాకిందన్నరు. ఆయన నా దిక్కు చూడకుంట "యాదికి లేదు సారూ" అన్నడు. నేను గోడ దిక్కు చూసిన.

పోయేముందు ఒకనాడు ఆయనకు తడిబట్టతోని పెయ్యి తుడుస్తున్న. భుజం మీద పుండు మచ్చ ఉండె. దాని మీద చెయ్యి పెట్టిన. చెప్పేద్దామనుకున్న. నోరు తెరిసిన. ఆయన "అన్నం వండినవా" అన్నడు. వండిన అన్న. గంతే. మేం ఆ ముచ్చటకు దగ్గరగ వచ్చింది గదొక్కటే సారి.

అందుకే పోరి ప్రశ్న సదివినప్పుడు నా చిక్కుడుకాయ చేతులనే ఆగింది. నాకు రెండు లెక్కలల్ల ఏది నిజమైనా బతుకు లేదు. గొప్పమనిషి నడిపిస్తడు అంటరా, మా ఆయన గొప్పమనిషై కూసోలే, నా మెత్తకు పడ్డడు. లేదు, సమాజమే నడిపిస్తది, ఎవలున్నా లేకున్నా అయ్యేది అయితది అంటరా, అయితె ఆయన నడుం ఎందుకు పోవాలె.

పోరిని అడిగిన, "నువ్వేం రాస్తవే?"

పోరి తెలివిగల్లది. "నేనైతె సమాజమే అని రాస్త అమ్మమ్మా. మన యార్డునే చూడు. బోరెం సగమైంది తాత ఒక్కనితోనా? అన్ని యార్డులల్ల తగ్గినయ్. మిషిన్లు వచ్చినయ్. గిప్పుడైతె బోరాలే లేవు, పత్తి ఉత్తగనే ట్రాక్టర్లల్ల పోసుకొస్తున్నరు. తాత కూసోకపోయినా గిదంత అయ్యేదే" అన్నది.

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. "అయ్యేదేనా? అయితె మీ తాత ఎందుకు పడ్డడే?" అని అరిసిన.

పోరి పెన్ను ఆపింది. "పడ్డడా?" అన్నది.

నలభై ఏండ్ల మాట, చిక్కుడుకాయ కాడ పడిపోయింది.

"కూసున్నడు గద అమ్మమ్మా? పడ్డడంటవేంది?"

"ఏం లేదు. సదువుకో" అన్న. పోరి ఇడుస్తదా. వాళ్ళ తాత కండ్లే దానివి, ఏదన్న చూస్తె చూస్తనే ఉంటది.

గా వారమే మరిది వచ్చిండు. మరిది అంటె రక్తసంబంధం కాదు. లైన్ల మా ఆయన ఎనుక నడిసేటాయన. ఇద్దరిది ఒకటే జట్టు, ఒకటే బీడి. గిప్పుడు ముసలోడైండు, మోకాళ్ళు పోయినయ్, కట్టె పట్టుకొని నడుస్తడు. షెడ్డుకాడ పోరగాండ్లు మా ఆయన పేరు మీద రాయి పెడుతున్నరట. దాని మీద ఏం రాయాల్నో అడగవచ్చిండు.

"పోరగాండ్లు పెద్దగ రాయాలంటున్నరు వదినె. బరువు దించి చరిత్ర లేపినోడు అని ఏందో అంటున్నరు. నాకైతె సమజ్ కాలే. ఉత్తగ, గానాడు కూసున్నడు అని రాస్తె చాలన్న."

నేను చాయ్ పెట్టబోయిన. గప్పుడు పోరి అడిగింది, ముక్కుసూటిగ. "తాతా, మా తాత కూసున్నడా, పడ్డడా?"

నేను పొయ్యికాడనే నిలబడ్డ. ఎనుకకు తిరగలే. మరిది కట్టె గోడకు ఆనిచ్చిండు. తర్వాత నన్ను పిలిసిండు.

"వదినె, నీకు ఎరుకేనా?"

"ఎరుకే" అన్న. "మెత్త ఇప్పి చూసిన."

"ఎప్పుడు?"

"గా వారమే."

ముసలాయన తల పట్టుకున్నడు. "అయ్యో వదినె. అయ్యో. మేం గిన్నేండ్లు దాసింది గందుకేనా" అన్నడు.

గప్పుడు చెప్పిండు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి బిడ్డా.

"చెక్క ఎక్కబోతున్నడు వదినె. నేను ఎనుకనే ఉన్న. బోరెం పక్కకు దొర్లుడు చూసిన. మెత్త ఉబ్బెత్తుగుండె. పొద్దుగాలనే అన్న వానితోని, గిదేం మెత్తరా, గిది ఏసుకొని ఎక్కకు, నాది ఏసుకో అన్న. ఇనలే. ఇంటిది చేసిందిరా, ఒక్క దినం ఏసుకొని మాపటికి మార్చుకుంట, పోంగనే తీసేస్తె మనసు నొచ్చుకుంటది అన్నడు. రెండు బోరాలు మోసిండు. మూడోది దొర్లింది. వాడు దాని మీద నడుం పెట్టి పడ్డడు. ఎనుకున్నోళ్ళందరం చూసినం."

నేను పొయ్యికాడనే కింద కూసున్న.

"నేను వంగితె వాడు ముందు ఏం అన్నడో ఎరికేనా? అబ్బా అనలే. అరేయ్, ఇంట్ల మెత్త జారిందని చెప్పకుండ్రిరా, దానికి తెలిస్తె బతకది, యాష్టకొచ్చి కూసున్నడని చెప్పుండ్రి అన్నడు. అని, చేతులు ఊని, పండ్లు కొరుక్కొని, బోరెం మీద కూసున్నడు. కూసున్నట్టు కూసున్నడు. గుమస్తా ఉరికొస్తుండె. వాడొక్కడే కూసుంటె తంతరు గద. అబద్ధమని గూడ తెలుస్తది. అందుకని నేను నా బోరెం దించి వాని ఎనుక కూసున్న. నా ఎనుకోడు కూసున్నడు. వాని ఎనుకోడు."

"వాళ్ళు గూడ మా తాత కోసమేనా?" అని పోరి అడిగింది.

ముసలాయన నవ్విండు. "ఎవని సంగతి వానిది బిడ్డా. ఒకడు నడుం నొచ్చి కూసున్నడు. ఒకడు లైను ఎట్లయినా ఆగింది గదా, బీడి ఒకటి తాగుదామని కూసున్నడు, తర్వాత చెప్పిండు. నేను మీ తాత కోసం కూసున్న. గని..." అని ఆగిండు. పోరి ఇచ్చిన చాయ్ గిలాస తిప్పుకుంట ఉన్నడు.

"గని ఏంది మరిదీ?"

"అంతకు ముందు నెలనే ఒకాయన పడ్డడు వదినె. ఖానాపూర్ దిక్కు నుంచి పత్తి కాలానికి పనికొచ్చినోడు. సగం మరాఠి, సగం తెలుగు మాట్లాడేటోడు. మేం నవ్వేటోళ్ళం. చెక్క మీదికెళ్ళే పడ్డడు. లైను ఆగలే. మేమందరం పక్కకెళ్ళి పోయినం. నేను గూడ పోయిన. మీ ఆయన గూడ. నా మెడ మీద బరువున్నది, ఎట్ల ఆగాలె. దించి వచ్చి చూస్తె నోట్లకెళ్ళి నెత్తురు. బస్సుల ఏసి పంపినం. తొవ్వలనే పానం పోయిందని తర్వాత ఎవలో చెప్పిండ్రు. మీ ఆయన పడ్డనాడు నాకు గాయన కండ్ల ముంగట కానొచ్చిండు. అందరికి కానొచ్చిండో ఏమో. మల్ల పక్కకెళ్ళి పోబుద్ధి కాలే. గంతే. చరిత్రో గిరిత్రో నాకు తెల్వదు."

"గాయన పేరు?" అని పోరి పెన్ను పట్టుకొని అడిగింది.

"ఖానాపూరోడా అని పిలిసేటోళ్ళం" అన్నడు.

చాయ్ చల్లారింది. ముసలాయన పొయ్యేటప్పుడు నా దిక్కు చూసి "నీ మెత్త కాకపోతె నా మోకాలు పడుతుండె వదినె. ఎవలదో ఒకలది పడుతుండె గా యేడు. గా వానకు, గా బరువుకు" అన్నడు. నా మనసు కుదుటపడాలని అన్నడు. నాకు ఎరుకే. గని పడ్డది ఆయన మోకాలు కాదు గద. నా మెత్త.

గానాటికెళ్ళి నాకు ఒక్కటే. మొగడు నాకోసం ఒక అబద్ధం చెప్పిండు. దాన్ని నిజం చేసెటందుకు లైను లైనంత కూసున్నది. యార్డు బందైంది, బోరెం సగమైంది, ఆయన ఫొటోకు దండ పడ్డది. గంతమంది కలిసి నాకు తెల్వకుంట దాసిండ్రు. నాకేమో మొదటి వారమే తెలుసు. నేను ఒక్క మాట అంటె అయిపోయేది. "తెలుసయ్యా నాకు, నా తప్పే, నడుం చూపెట్టు, కాపడం పెడ్త" అంటె అయిపోయేది. నొప్పి దాసుకొని తిరిగిండు నాకోసం. తిరిగి తిరిగి నడుం పూర్తి పోగొట్టుకున్నడు. నేను తెల్వనట్టు ఉన్న, ఆయన కోసం. ఇద్దరం ఒకలనొకలం కాపాడుకున్నం. గట్ల చంపుకున్నం.

ఏడుస్తున్న. రాసినవా? రాసినవ్ కావచ్చు.

రాయి పెట్టిననాడు యార్డుకు పోయిన. పాస్టరయ్య పార్థన చేసిండు. గుడ్డ తీసిండ్రు. నల్లరాయి. ఆయన పేరు, కింద "బరువు దించి కూసున్నవాడు" అని. పోరి నాకు సదివి ఇనిపించింది. నన్ను సాక్ష్యం చెప్పమన్నరు. మా చర్చిల సాక్ష్యం అంటె నిజమే చెప్పాలె. నేను జ్వరం తగ్గినా, కోడి దొరికినా నిలబడి సాక్ష్యం చెప్పినదాన్ని. ఒక్కనాడు అబద్ధం చెప్పలే. ఇల్లు ఇడిసేటప్పుడు నిజం చెప్దామనే ఇడిసిన. ఆయన పడ్డడు, నేను పడేసిన అని. చెప్పి దించుకుందామని.

ముంగట చూస్తె మరిది కూసున్నడు. ఆయన పక్కకు గానాటి ముసలోళ్ళు నలుగురు. అందరు నన్నే చూస్తున్నరు. నేనేమంటనో అని భయంగ చూస్తున్నరు. గిన్నేండ్లు మోసిండ్రు పాపం, నాకోసమే.

"మా ఆయన కూసున్నడు" అన్న.

గొంతు నాదే నాకు కొత్తగ ఇనొచ్చింది. సప్పట్లు కొట్టిండ్రు. కొట్టినంక అన్న, "ఆయన కంటె ముందు నెల ఒకాయన పడ్డడు. ఖానాపూర్ నుంచి వచ్చినాయన. మీరందరు పక్కకెళ్ళి పోయిండ్రు. నా మొగడు గూడ పోయిండు. ఆయన పేరు గూడ రాయి మీద ఉండాలె. ఎవలకన్న యాదికుంటె చెప్పుండ్రి."

ఎవ్వలు చెప్పలే. ముసలోళ్ళు తలకాయలు దించుకున్నరు. పోరగాండ్లు ఒకల మొకాలు ఒకలు చూసుకున్నరు. వాళ్ళు గా ముచ్చటనే ఇనలే ఎన్నడు. మరిది పెదవులు కదిలిచ్చిండు, పేరు యాదికి తెచ్చుకుంటున్నడు కావచ్చు, రాలే. పాస్టరయ్య పాట ఎత్తుకున్నడు. అందరు లేసి నిలబడ్డరు.

ఇంటికొచ్చినంక పోరి అడిగింది, మరి ప్రశ్నకు ఏం రాయాలె అమ్మమ్మా అని. మీ బుక్కుల ఏమున్నదో గదే రాయి బిడ్డా, మార్కులు పడుతయ్ అన్న. నాకు తెల్వదు. నేను నా మొగనికి పుండు తగ్గాలనుకున్న, గంతే. దాన్ని ఎవలు ఏం పేరు పెట్టుకుంటె ఏంది.

నాకు గిప్పుడు ఆయన కంటె ఎక్కువ గామె యాదికొస్తది. ఖానాపూర్ల గామె, గా పడ్డాయన పెండ్లాం. బతికి ఉన్నదో లేదో. గాయన మెత్త గామెనే కుట్టి ఉంటది. మంచిగనే కుట్టి ఉంటది, పేలికలు పెట్టి, రోకలితోని కొట్టి, గట్టిగ. అయినా పడ్డడు. గామె ఇంటి ముంగటికి పీనుగ వచ్చిననాడు ఎవలు ఏం చెప్పిండ్రో. కూసున్నడని చెప్పెటందుకు గామె మొగనికి ఎనుక ఒక్కడు గూడ కూసోకపాయె.